టెన్త్ హిస్టరీ 3 మార్కుల ప్రశ్నలు: బాబుకి అన్నీ వచ్చు, మార్కులే రావట్లేదు, ఎలా రాయించాలి?

తెనాలి_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మా బాబు ఈ ఏడాది టెన్త్, సీబీఎస్‌ఈ. మ్యాథ్స్, సైన్స్ పర్లేదు, సోషల్‌లో కూడా జాగ్రఫీ, ఎకనామిక్స్ బాగానే లాక్కొస్తున్నాడు, హిస్టరీ దగ్గరికొచ్చేసరికి 2 మార్కులవి 3 మార్కులవి ప్రతిదాంట్లో అరో ఒకటో పోతూనే ఉంది. చదవట్లేదా అంటే చదువుతున్నాడు, నేను పుస్తకం పట్టుకుని అడిగితే డేట్లతో సహా టకటకా చెప్పేస్తాడు. పేపర్ మీదకొచ్చేసరికి ఏమవుతుందో అర్థం కావట్లేదు.

ఒకటి ఇక్కడ పెడుతున్నా చూడండి. ప్రీబోర్డ్‌లో వచ్చిన ప్రశ్న, "గాంధీజీ నిరసనకి ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు?" 3 మార్కులు. వాడు ఇంగ్లిష్‌లో రాశాడు, నేను తెలుగులో చెప్తున్నా:

"గాంధీజీ 1930 మార్చిలో దండి యాత్ర మొదలుపెట్టారు. ఆయన వెంట 78 మంది వాలంటీర్లు ఉన్నారు. సబర్మతి నుంచి దండి వరకు 240 మైళ్ళు, 24 రోజులు నడిచారు. ఏప్రిల్ 6న దండిలో సముద్రపు నీళ్ళు మరిగించి ఉప్పు తయారుచేసి చట్టాన్ని ఉల్లంఘించారు. ఉప్పు అందరికీ అవసరమైనది."

3కి 1 వేశారు. ఇందులో ఒక్క తప్పు కూడా లేదు కదండీ? వాళ్ళ సార్‌ని అడిగితే ప్రశ్న సరిగ్గా చదువు అన్నారంట, అంతే. వీడేమో ఎంత చదివినా ఇంతే అని డీలా పడిపోయాడు. పబ్లిక్‌కి ఇంకా టైముంది, ఎలా రాయించాలో తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

జడ్పీ_సోషల్_మాస్టారు:
అమ్మా, బాబు రాసినదాంట్లో తప్పు లేని మాట నిజమే, కానీ అది వేరే ప్రశ్నకి జవాబు. దండి యాత్ర గురించి రాయండి అని అడిగుంటే నేనైతే మూడుకి మూడు వేసేవాణ్ణి. ఇక్కడ అడిగింది ఎందుకు అని. ఆ అయిదు వాక్యాల్లో "ఎందుకు"కి జవాబు చెప్పేది చివరి వాక్యం ఒక్కటే, ఆ ఒక్క మార్కు దానికే పడింది. మిగతావన్నీ ఎప్పుడు, ఎంతమంది, ఎంత దూరం, ఎక్కడ అనేవాటికి జవాబులు, అవి ఇక్కడ ఎవరూ అడగలేదు.

నేను స్టేట్ సిలబస్ చెప్తాను, స్పాట్‌కి, అంటే పబ్లిక్ పేపర్లు దిద్దడానికి వెళ్తుంటాను, బోర్డు ఏదైనా దిద్దే పద్ధతి పెద్దగా మారదు. దిద్దేవాళ్ళ ముందు కట్టలు ఉంటాయి, చేతిలో ఏ పాయింట్లకి మార్కు వేయాలో చెప్పే ఆన్సర్ కీ ఉంటుంది, కళ్ళు ఆ మూడు పాయింట్ల కోసమే వెతుకుతుంటాయి. పాయింట్ కనపడితే టిక్ పడుతుంది, కనపడకపోతే ఎంత మంచి వాక్యమైనా దాటుకుంటూ పోవాల్సిందే. పిల్లలు దీన్ని దిద్దేవాళ్ళ కాఠిన్యం అనుకుంటారు గానీ, మూడు మార్కుల ప్రశ్న అంటేనే వాళ్ళు మూడు విషయాలు అడుగుతున్నారని అర్థం.

ఇదే ప్రశ్నకి నేను రాయించేది ఇలా ఉంటుంది చూడండి:

"గాంధీజీ ఉప్పును ఎంచుకోవడానికి మొదటి కారణం, ధనికులు పేదలు అనే తేడా లేకుండా అందరూ వాడేది అది, కాబట్టి ఆ పోరాటం ప్రతి ఇంటికీ సంబంధించింది అవుతుంది. రెండోది, అంత తప్పనిసరి వస్తువు మీద పన్ను వేసి, తయారీని ప్రభుత్వం తన గుప్పిట్లో పెట్టుకోవడంతో బ్రిటిష్ పాలన ఎంత పీడించేదో మామూలు మనిషికి కూడా తేలిగ్గా అర్థమవుతుంది. మూడోది, 1930 జనవరి 31న వైస్రాయ్ ఇర్విన్‌కి రాసిన లేఖలోని 11 డిమాండ్లలో కొన్ని పారిశ్రామికవేత్తలవి, కొన్ని రైతులవి, ఉప్పు పన్ను రద్దు మాత్రం అన్ని వర్గాలనూ కలిపేది."

ఇందులో 78 మంది లేరు, 240 మైళ్ళు లేవు, 24 రోజులు లేవు. బాబుకి అవి తెలియడం మంచిదే, కానీ తెలిసిందల్లా పెట్టేస్తే అడిగినదానికి చోటు ఉండదు. ఇంకోటి గమనించండి, మొదటి వాక్యంలోనే ప్రశ్నలో ఉన్న మాటలు వచ్చేశాయి, "ఉప్పును ఎంచుకోవడానికి కారణం" అని. అలా మొదలుపెట్టిన పిల్లాడికి దారి తప్పడం కష్టం, తర్వాత రాసే ప్రతి వాక్యం కారణమే చెప్పాలి అని వాడికే తెలిసిపోతుంది. "1930 మార్చిలో" అని మొదలుపెట్టాడంటే మాత్రం ఇక కథే వస్తుంది.

కాబట్టి రాసే ముందు ప్రశ్నలో అసలు అడిగే మాట కింద పెన్సిల్‌తో గీత గీయమనండి. ఎందుకు అంటే కారణాలు. ఎలా అంటే జరిగిన తీరు. ప్రభావం అంటే దాని తర్వాత ఏం మారిందో అది. పాత్ర అంటే ఆ మనిషి చేసింది, దానివల్ల అయ్యింది, రెండూ. మా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఈ చివరిదాంట్లోనే, పాత్ర అనగానే పుట్టిన తేదీ నుంచి జీవితచరిత్ర రాస్తారు.

ఓరుగల్లు_సిరి:
సార్ మస్తు మంచిగ చెప్పిండ్రు. నేను ఈ మధ్యనే సీబీఎస్‌ఈ టెన్త్ అయిపోయి ఇంటర్‌లకు వచ్చిన, అందుకే రాసేటోళ్ళ సైడ్ నుంచి చెప్త ఆంటీ.

పేపర్ మీదనే లిమిట్ ఇస్తరు, 2 మార్కులకు 40 పదాలు, 3 మార్కులకు 60, 5 మార్కులకు 120. 60 పదాలు అంటే చానా తక్కువ, మూడు నాలుగు వాక్యాలల్ల అయిపోతది. మీ బాబు ఆ 60ల సగానికి పైన యాత్ర గురించే పెట్టిండు కదా, ఇగ కారణాలకు జాగ ఏడ మిగుల్తది.

నాకు ఎక్కువ పనికొచ్చింది ఏందంటే ప్రతి వాక్యం రాసినంక "అయితే ఏంది?" అని నన్ను నేనే అడుక్కునుడు. ఉదాహరణకు పట్టణాలల్ల సహాయ నిరాకరణ ఉద్యమం ఎందుకు చల్లబడ్డది అని అడుగుతరు కదా. "ఖాదీ ఖరీదు ఎక్కువ" అని రాసి ఆపేస్తరు చానామంది. అయితే ఏంది? మిల్లు బట్ట కంటే ఖాదీ ఖరీదు ఎక్కువ, పేదోళ్ళు కొనలేకపోయిండ్రు, అందుకని మిల్లు బట్టను ఎక్కువ రోజులు బహిష్కరించలేకపోయిండ్రు. ఇప్పుడు పాయింట్ పూర్తయింది. అట్లనే "బడులు బహిష్కరించిండ్రు" అంటే సరిపోదు, బ్రిటిష్ బడుల జాగల మన బడులు తొందరగ రాలే, అందుకే పిల్లలు, టీచర్లు మళ్ళ గవర్నమెంట్ బడులకే పోయిండ్రు, లాయర్లు కోర్టులకు పోయిండ్రు. ఆ "అందుకే" తర్వాత వచ్చే ముక్కకే మార్కు ఉంటది.

ఇంకోటి, సీబీఎస్‌ఈ అకడమిక్ సైట్ల ప్రతి సంవత్సరం శాంపిల్ పేపర్ పెడ్తరు, దాని పక్కనే మార్కింగ్ స్కీమ్ కూడ పెడ్తరు, ఫ్రీ. గైడ్లు కొనే బదులు అది ప్రింట్ తీయించి ఇయ్యుండ్రి. ఫస్టు పేపర్ చూసి రాయాలె, తర్వాత స్కీమ్ చూసి వాడే దిద్దుకోవాలె. వేరేటోళ్ళు దిద్దితే కోపం వస్తది, మనమే దిద్దుకుంటే ఏడ పోయిందో కనబడ్తది. స్కీమ్‌ల ఇచ్చిన పాయింట్లే రాయాలని కూడ ఏం లేదు, సరైన వేరే పాయింట్ రాసినా మార్కులు ఇయ్యాలని అందులనే చాలాసార్లు రాసుంటది.

బెజవాడ_ట్యూషన్_టీచర్:
పైన ఇద్దరూ చెప్పింది బాగుంది, ఒక్క విషయంలో మాత్రం నాది వేరే మాట. ఇవి చదివి "డేట్లు, పేర్లు అక్కర్లేదు, కారణం చెప్తే చాలు" అని పిల్లలు అనుకుంటే ఇంకో గోతిలో పడతారు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది ప్రాబ్లం తెనాలి మేడమ్ గారి బాబుకి రివర్స్. "బ్రిటిష్ వాళ్ళు ప్రజలని హింసించారు, అందుకే ప్రజలకి కోపం వచ్చింది, ఉద్యమం చేశారు" అని రాస్తారు. ఇది ఏ ఉద్యమానికైనా, ఏ దేశానికైనా సరిపోతుంది, అందుకే దేనికీ మార్కు రాదు. కనీసం ఒక చట్టం పేరు, ఒక ఊరు, ఒక సంవత్సరం ఏదో ఒకటి గట్టిగా పట్టుకునేది ఉండాలి. అస్సాం టీ తోటల కూలీలకి స్వరాజ్యం అంటే ఏంటి అని అడిగితే "స్వేచ్ఛ" అని రాస్తే ఏం వస్తుందండీ? 1859 ఇన్‌ల్యాండ్ ఎమిగ్రేషన్ యాక్ట్ ప్రకారం పర్మిషన్ లేకుండా తోట దాటి బయటికి వెళ్ళకూడదు, కాబట్టి వాళ్ళకి స్వరాజ్యం అంటే ఆ హద్దు దాటి తిరగగలగడం, వదిలొచ్చిన సొంతూరితో సంబంధం ఉండటం. ఆ చట్టం పేరు గుర్తు లేకపోతే ఈ వాక్యమే పుట్టదు.

కాబట్టి బట్టీ అవసరమే, కాకపోతే డేటుని ఒంటరిగా పట్టించొద్దు, దాని ముందు ఏం జరిగింది వెనక ఏం జరిగింది కలిపి పట్టించాలి. జలియన్‌వాలాబాగ్ తర్వాత రౌలట్ చట్టం తెచ్చారు అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. 1919లో ముందు విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం, దానికి వ్యతిరేకంగా ఏప్రిల్ 6న హర్తాళ్, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. వరస తిరగబడితే కారణం కూడా తిరగబడిపోతుంది, అప్పుడు వాక్యం ఎంత బాగున్నా తప్పే.

ఇంకా ముఖ్యమైన మాటల కింద గీతలు, ఒక్కో పాయింట్ కొత్త లైన్‌లో, ఇవి కూడా చేయించండి, దిద్దేవాళ్ళకి వెతుక్కునే పని తప్పుతుంది.

జడ్పీ_సోషల్_మాస్టారు:
మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను, ముఖ్యంగా వరస సంగతి. గీతల గురించి ఒక్క మాట, రెండు మూడు చోట్ల గీస్తే కన్ను అక్కడ ఆగుతుంది, ప్రతి వాక్యం కిందా గీస్తే గీయనట్టే. పాయింట్లుగా రాయడం కూడా మంచిదే, కానీ పాయింట్ అంటే పూర్తి వాక్యం ఉండాలి. "1. పన్ను 2. గుత్తాధిపత్యం 3. ఐక్యత" అని మూడు మాటలు రాసి వదిలేసిన పేపర్లు వస్తుంటాయి, వాడికి తెలిసి రాశాడా ఎక్కడో విన్న మాట పడేశాడా మాకు ఎలా తెలుస్తుంది చెప్పండి.

న్యూజెర్సీ_నాన్న:
ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఇంట్లో మాటలే వింటున్నట్టుంది. మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ తీసుకుంది, అందులో షార్ట్ ఆన్సర్ సెక్షన్‌లో 3 ప్రశ్నలకి 40 నిమిషాలు. ఒక్కో ప్రశ్నలో ఏ, బీ, సీ అని మూడు ముక్కలు, ముక్కకి ఒక పాయింట్. అర పాయింట్ వేయడం ఉండదు, వస్తే ఒకటి లేకపోతే సున్నా. పూర్తి వాక్యాల్లో రాయాలి, ఉత్తి బుల్లెట్ లిస్ట్ ఒప్పుకోరు. ఎస్సేలకి కావాల్సినట్టు థీసిస్ (మన వాదన ఏంటో ముందే చెప్పే వాక్యం) కూడా అక్కర్లేదు, అయినా మా అమ్మాయి మొదట్లో ప్రతిదానికీ ఒక ఇంట్రడక్షన్ రాసుకుంటూ టైమ్ అవగొట్టుకునేది.

టీచర్ వాళ్ళకి నేర్పించింది ముందు జవాబు ఒక వాక్యంలో, తర్వాత ఒక నిర్దిష్టమైన ఉదాహరణ, ఆ ఉదాహరణ జవాబుని ఎలా నిలబెడుతుందో ఇంకో వాక్యం. ఒకసారి సివిల్ వార్ తర్వాత దక్షిణ రాష్ట్రాలు విడుదలైన బానిసల స్వేచ్ఛని ఏ విధంగా పరిమితం చేశాయో ఒకటి చెప్పమన్నారు. మా అమ్మాయి "జాతి వివక్ష చాలా ఉండేది, సమాన హక్కులు ఇవ్వలేదు" అని రాసింది, సున్నా. బెజవాడ మేడమ్ చెప్పిన జబ్బే. తర్వాత మార్చి రాసింది: "బ్లాక్ కోడ్స్ అనే చట్టాలతో పరిమితం చేశాయి. మిసిసిపీలో 1865 చట్టం ప్రకారం నల్లజాతివాళ్ళు ప్రతి జనవరిలో తమకి పని ఉన్నట్టు రాతపూర్వక ఆధారం చూపించాలి. దానివల్ల బానిసత్వం పోయినా నచ్చినప్పుడు పని మానేసి వేరేచోటికి వెళ్ళే స్వేచ్ఛ లేక మళ్ళీ పాత తోటల్లోనే ఉండిపోవాల్సి వచ్చింది." దీనికి పాయింట్ వచ్చింది. మూడే వాక్యాలు, మీ అస్సాం కూలీల ఆన్సర్‌కి దీనికి ఎంత పోలిక ఉందో చూడండి.

తెనాలి_అమ్మ:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇవన్నీ వాడికి చదివి వినిపించా. ఉప్పు ప్రశ్న మళ్ళీ రాశాడు, ఈసారి బాగానే వచ్చింది అనిపించింది. నిన్న ఇంకోటి ఇచ్చా, "గూడెం కొండల గిరిజనులు స్వరాజ్యాన్ని తమదైన రీతిలో ఎలా అర్థం చేసుకున్నారు?" 3 మార్కులు. ఇది రాశాడు, మాస్టారు గారూ కొంచెం చూసి పెట్టండి:

"గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గిరిజనులు తిరుగుబాటు చేశారు. ఆయన గొప్ప దేశభక్తుడు, జ్యోతిష్యం, వైద్యం తెలిసినవాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకున్నారు. బ్రిటిష్ వాళ్ళు 1924లో ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. గిరిజనులు ఆయన్ని దేవుడిగా చూశారు."

జడ్పీ_సోషల్_మాస్టారు:
అమ్మా, ఈ ప్రశ్నకి మన రెండు రాష్ట్రాల పిల్లలు బయటి పిల్లలకంటే ఎక్కువ పోగొట్టుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే మన పిల్లలకి అల్లూరి గురించి చాలా తెలుసు. బీహార్ పిల్లాడికి పుస్తకంలో ఉన్న పేరా ఒక్కటే తెలుసు, అదే రాస్తాడు. మనవాడికి చిన్నప్పటి నుంచి విన్నదంతా పొంగుకొస్తుంది, మూడు స్టేషన్ల పేర్లు తప్పు లేకుండా రాశాడు చూడండి, అది చూస్తే నాకు సంతోషమే. కానీ ప్రశ్న అల్లూరి గురించి కాదు, గిరిజనులకి స్వరాజ్యం అంటే ఏం అర్థమైంది అని.

బాబుని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులోనే అడగండి, "వాళ్ళకి ఏం పోయిందిరా?" అని. పశువులు మేపుకోవడానికి, కట్టెలు, పండ్లు తెచ్చుకోవడానికి అడవిలోకి వెళ్ళనివ్వలేదు. పైగా రోడ్లు వేయడానికి వెట్టి చేయమన్నారు. మరి వాళ్ళకి స్వరాజ్యం అంటే ఏంటి? అడవి మీద తమ హక్కు తిరిగి రావడం, వెట్టి పోవడం. ఇది రెండు మార్కులు. మూడోది, గాంధీజీ మాటని వాళ్ళు తమకి తగ్గట్టు ఎలా తీసుకున్నారు. అల్లూరి గాంధీజీ గొప్పతనం చెప్పాడు, ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, కానీ దేశానికి విముక్తి అహింసతో రాదు, బలప్రయోగంతోనే వస్తుంది అన్నాడు. అదే "తమదైన రీతి". బాబు రాసిన పోలీస్ స్టేషన్ల వాక్యం వృథా పోనక్కర్లేదు, ఈ మూడో పాయింట్ చివర "అందుకే పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారు" అని అతికిస్తే ఉదాహరణగా పనికొస్తుంది. జ్యోతిష్యం, వైద్యం, దేవుడు అన్నవి, ప్రజలు ఆయన్ని ఎందుకు నమ్మారు అని అడిగినప్పుడు పనికొస్తాయి, ఇక్కడ తీసేయండి.

ఇలా నోటితో చెప్పించి తర్వాత ఇంగ్లిష్‌లో రాయించండి. భాష కోసం తడుముకునేటప్పుడు పిల్లలు ఆలోచన వదిలేసి బట్టీ పట్టిన వాక్యం దొరికితే అది రాసేస్తారు, ఆలోచన ముందే నోట్లో ఉంటే అలా జరగదు.

తెనాలి_అమ్మ:
అర్థమైంది సార్, చదువుతుంటే నాకే హిస్టరీ మీద ఇష్టం పుడుతోంది. చివరిగా ఒక్క డౌట్, ఒకే టాపిక్ 2 మార్కులకి, 5 మార్కులకి వస్తే ఎంత తగ్గించాలి ఎంత పెంచాలి అనేది వాడికి తెలియట్లేదు. 5 మార్కులకి అదే విషయం సాగదీస్తున్నాడు.

ఓరుగల్లు_సిరి:
సాగదీయొద్దు ఆంటీ, ముందుకో వెనక్కో పోవాలె. చౌరీచౌరా తీస్కోండి. సహాయ నిరాకరణ ఉద్యమం ఎందుకు ఆపేసిండ్రు అని 2 మార్కులకు అడిగితే, 1922 ఫిబ్రవరిల గోరఖ్‌పూర్ దగ్గర చౌరీచౌరాల ఊరేగింపు కాస్త పోలీసులతోని హింసాత్మక ఘర్షణ అయింది, ఉద్యమం హింస వైపు పోతుంది, సత్యాగ్రహులకు ఇంకా శిక్షణ కావాలె అని గాంధీజీ అనుకున్నడు, అయిపోయింది. ఆపేసినంక ఏమైంది అని 5 మార్కులకు అడిగితే ఇది ఒక్క వాక్యంల చెప్పి కాంగ్రెస్ లోపలికి పోవాలె. కొందరు నాయకులు పోరాటాలతోని అలసిపోయి కౌన్సిల్ ఎన్నికలకు పోదామన్నరు, సీఆర్ దాస్, మోతీలాల్ నెహ్రూ స్వరాజ్ పార్టీ పెట్టిండ్రు, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ లాంటి చిన్నోళ్ళు ఇంకా గట్టి పోరాటం, పూర్ణ స్వరాజ్యం కావాలన్నరు. అదే సంఘటనను మూడు సార్లు తిప్పి రాస్తే దిద్దేటోళ్ళు ఒక్కసారే లెక్క పెడ్తరు.

జడ్పీ_సోషల్_మాస్టారు:
సిరి అమ్మాయి చెప్పింది చాలు, నేను కలపాల్సింది లేదు. తెనాలి మేడమ్, బాబు చేత రేపు సహాయ నిరాకరణకి, శాసనోల్లంఘనకి తేడా 3 మార్కులకి రాయించి ఇక్కడ పెట్టండి. మొదటిదాంట్లో ప్రభుత్వానికి సహకరించకూడదు అన్నారు, రెండోదాంట్లో చట్టాన్నే ధిక్కరించమన్నారు, అక్కడ నుంచి మొదలుపెట్టమనండి, మిగతా రెండు తేడాలు వాడే వెతకాలి.